పూదండలు తిన్న కుండ

శ్రావణ శుద్ధ పంచమి

కుండ వేడి: అరచెయ్యి ఓర్చుకోగలిగినంత. తేమ: పిడికిట పిండితే ముద్ద నిలిచేంత. వాసన: తొలకరికి తడిసిన నేలది. నేను పందిరి కింద పుట్టినవాణ్ణి, తొలకరిలో ఎన్నడూ నిలబడలేదు. ఆ వాసన ఇదేనని మా అమ్మ చెప్పగా నమ్మాను. మట్టి రంగు: నలుపు. అడుగున మాత్రం కొంచెం నీలి ఛాయ. ఇది ఇంతకుముందు లేదు.

మూత అంచున గాలి చొరకుండా బిగించే ప్లాస్టిక్ పట్టీ పలచబడింది. వేలితో నొక్కితే తడిసిన కాగితంలా వంగింది.

మా కుమ్మరి వీధిలో ఏ ఇంటి ఊపిరికుండ ఎలా ఉందో రాసిపెట్టే పని వీధివారే నాకు అప్పగించారు. నా బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. ఆపైన నేర్చుకున్నదంతా కుండ పక్కన కూర్చుని, చూసింది చూసినట్టు రాస్తూ నేర్చుకున్నదే. పందిరిపట్నంలో ప్రతి ఇంటి గోడ మీదా పురపాలక నిబంధనలు ఉంటాయి. మా ఇంట్లోవి నేను చేత్తో తిరగరాసినవి. అచ్చు కాగితంలో వాటి వరుస నాకు నచ్చలేదు.

ఒకటి: కుళ్ళేది ఏదైనా ఊపిరికుండలోకి.
రెండు: కుళ్ళనిది, అంటే ప్లాస్టిక్, గోరంత ముక్కైనా కడిగి పందిరి సంచిలోకి.
మూడు: ఆ రెండూ ఎన్నడూ కలవరాదు.
నాలుగు: కుండ చల్లబడినవారు తోడుకు పిడికెడు వేడి మట్టి అడిగితే లేదనరాదు.

కుండల మట్టిలోనే మా మేడల మీద కూరలు పండుతాయి. సంచుల్లోని ప్లాస్టిక్‌ను కరిగించి, పొరగా సాగదీసి, నెత్తిమీది పందిరికి అతుకు వేస్తారు. పందిరికి అవతల వేసవి ఎండలో మనిషి మధ్యాహ్నం దాకా బతకడు. అందుచేత మట్టి ఎంతో, ప్లాస్టిక్ అంతే మాకు.

శ్రావణ శుద్ధ ఏకాదశి

కుండ పక్కన ఆనించిన పందిరి సంచికి అడుగున కన్నం పడింది. అంచులు తెగినట్టు లేవు, కొరికినట్టూ లేవు. నానిన అప్పడంలా కరిగి ఉన్నాయి. ఎదురింటి పైడితల్లి అత్త వచ్చి చూసింది. ఆమెకు వరసలో నేను అల్లుణ్ణి.

"ఎలకలేమో అల్లుడూ."

"పందిరి కింద ఎలకలు ఎక్కడివి అత్తా? మా తాతల నాడే పోయాయి కదా."

"అయితే నీ రాతలు సదివీ సదివీ సంచికి ఇసుగొచ్చీసి ఉంటాది. కుండకేసి ఒక్కపాలి నవ్వుతావేటి? రోజూ నాడి సూసిన వైద్దుడిలాగ కూకుంటావు."

లోపల వంటచేస్తున్న నా భార్య మాణిక్యం పగలబడి నవ్వింది. పట్టీకీ సంచికీ ఉమ్మడిగా ఉన్నది కుండను తాకడం ఒక్కటే. ఈ సంగతి అప్పటికి నాలోనే ఉంచుకున్నాను.

శ్రావణ శుద్ధ త్రయోదశి

నిన్న వరలక్ష్మీ వ్రతం. పట్నంలో పువ్వు కోయడం నిషిద్ధం, ఎందుకంటే ప్రతి పువ్వూ రేపటి కాయ. అమ్మవారికి వేసేది ప్లాస్టిక్ దండే. రంగు వెలిసినప్పుడు మార్చుతారు. ఈ ఉదయం నేను పెరట్లోకి వెళ్ళేసరికి మాణిక్యం పాత దండను కళ్ళకద్దుకుని, ఊపిరికుండ మూత తీసి, లోపలికి దించుతోంది.

"మాణిక్యం! అది ప్లాస్టిక్."

"తెలుసండీ."

"రెండో నిబంధన..."

"రెండో నిబంధన రాసినాయనకి దేవుడు లేడేమో. అమ్మవారి మెడలోది తీసుకెళ్ళి చెప్పుల ముక్కలతో, పళ్ళు తోముకున్న పుల్లలతో కలిపి సంచిలో వేయమంటారా? నిర్మాల్యాన్ని కాలు తగలనిచోట నీళ్ళలో కలపాలి, లేదా మొక్క మొదట్లో వేయాలి. నీళ్ళు లేవు. కుండ ఒక్కటే శుభ్రమైనది."

"ఎప్పటినుంచి?"

"మీ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచి. మా అమ్మ కూడా ఇంతే. తోడు ఆవిడిచ్చిందే కదా."

మట్టి జల్లెడ పట్టే పని ఆమెది. జల్లెడలో మిగిలిన ప్లాస్టిక్ రేకల్ని ఏరి, మళ్ళీ కొత్త తొక్కలతో కలిపి కుండలోనే వేస్తూ వచ్చిందట. మొదట్లో అన్నీ మిగిలేవట. రానురానూ తగ్గాయి. ఈ మధ్య ఒక్కటీ మిగలడం లేదట.

"మరి ఏమయ్యాయనుకున్నావు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "అమ్మవారు తీసుకుంటోందనుకున్నాను."

శ్రావణ బహుళ చవితి

దండలోంచి ఒక రేకను తుంచి, కొబ్బరిపీచుతో ముడివేసి, కుండలోకి దించాను. మొదటిసారి తీసినప్పుడు రేక నిగనిగ పోయింది. రెండోసారికి అది ఎండిన రావాకులా మిగిలింది, పత్రహరితం పోయి ఈనెల వల ఒక్కటే. ప్లాస్టిక్‌కు ఈనెలు ఉండవు. ఆ మట్టిలోని ప్రాణులు నడిచిన దారులు అవి. ఈ ఉదయం పీచు తీసి చూశాను. ముడి ముడిగానే ఉంది. ముడిలో ఏమీ లేదు.

చాలాసేపు ఆ ఖాళీ ముడిని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మనిషి చేసినవాటిలో చావులేనిది ఇదొక్కటేనని మాకు బడిలో చెప్పారు. దాన్ని తినడం నేర్చుకోవడానికి, కంటికి ఆనని ప్రాణులు ఎన్ని తరాలు పుట్టి ఆకలితో పోయి ఉంటాయి? వాటికి ఎవరూ పాఠం చెప్పలేదు. పండుగ పండుగకూ ఒక పూదండ మాత్రం ఎదురుగా వచ్చి పడింది.

రేకతో పాటే ఒక పందిరి పొర ముక్కనూ దించాను. అది దండకన్నా త్వరగా పోయింది.

శ్రావణ బహుళ సప్తమి

వీధిలో ఇల్లిల్లూ తిరిగి, దండలు కుండలో వేస్తున్నారా అని అడిగాను. మొదట అందరూ తలలు దించుకున్నారు. పైడితల్లి అత్తే ముందు బయటపడింది.

"నానూ ఏసినాను అల్లుడూ. అందరం ఏసినాం. మొగోళ్ళకి సెప్తామేటి? మీకు సెప్తే గోడ మీద ఇంకో రూలు రాస్తారు."

వారి కుండలన్నీ చల్లబడినప్పుడల్లా తోడు మా ఇంటినుంచే వెళ్ళింది. మా కుండ వేడి ఎన్నడూ తగ్గకపోవడమే అందుకు కారణం. నాలుగో నిబంధనను అందరమూ తు.చ. తప్పకుండా పాటించాం.

వీధి చివర పందిరి నేలకు దిగుతుంది. అక్కడ దాని అంచును కందకంలో పూడ్చి, మిగులు కుండమట్టిని ఆ గట్టు మీదే పోసి గోంగూర పెంచుకుంటాం. అత్తను, మాణిక్యాన్ని తీసుకుని అక్కడికి వెళ్ళాను. పొర తెల్లబారి ఉంది. మోకాలి ఎత్తున చిన్న చిన్న కన్నాలు. వాటిలోంచి ఎండ గోంగూర ఆకుల మీద గుండ్రంగా పడుతోంది. మేమెవరమూ అసలైన ఎండను అంత దగ్గరగా చూసినవాళ్ళం కాదు. అత్త చెయ్యి చాచి అరచేతిలో పట్టుకుంది, వెంటనే లాక్కుంది.

"ఓలమ్మ! ఇంత సుర్రుమంటాదేటి!"

ఇంటికి వచ్చాక మాణిక్యం అడిగింది: "పందిరి శాఖకు చెబితే ఏం చేస్తారు?"

"ఉడకబెడతారు. మన కుండను, మన తోడు వెళ్ళిన ప్రతి కుండనూ."

"చెప్పకపోతే?"

"ముందు మన వీధి మీద పందిరి తెగుతుంది. తర్వాత పట్నమంతా. వేసవికి ఎండ లోపలికి వస్తుంది."

ఆమె కుండ మూత మీద చెయ్యి వేసింది. "అయితే నన్ను అడగడమెందుకు? వెళ్ళి చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం అది దొంగది అన్నట్టు చెప్పకండి."

శ్రావణ బహుళ త్రయోదశి

దశమి నాడు పందిరి శాఖనుంచి ఇంజినీరు నఫీసా వచ్చింది. పందిరి స్తంభాలెక్కి అతుకులు వేసే మనిషి. కాగిన పొర తగిలి వేళ్ళన్నీ మచ్చలు. ముందు గట్టు దగ్గరికి వెళ్ళి కన్నాలు చూసింది. తిరిగి వచ్చేసరికి ముఖం ఎర్రబడి ఉంది.

"ఎవరు చేశారిది? ఏ మందు కలిపారు?"

"మందు కాదమ్మా," అంది మాణిక్యం. "వరలక్ష్మీదేవి దండ."

ఆమె వేళాకోళమనుకుంది. నేను నా పరీక్షలు వరుసగా చెప్పాను. ఆమె నమ్మలేదు, తన జేబులోని కొత్త పొర ముక్కను తానే కత్తిరించి, తానే ముడివేసి దించింది. మూడు రోజుల తర్వాత తానే వచ్చి తీసింది.

ఇది రాస్తున్నది ఆ మూడో రోజు. ఖాళీ ముడిని చూసి ఆమె అరుగు మీద కూలబడింది. మాణిక్యం మజ్జిగ ఇచ్చింది. గ్లాసు పట్టుకున్నదే కాని తాగలేదు.

"మా అమ్మ ఈ పొరలు కుడుతూనే పోయింది, నూకరాజు గారూ. నేనూ కుడుతున్నాను. దీన్ని తినేది ఒకటి పుట్టిందంటే నాకు వెన్నులో చలి పుడుతోంది. సంతోషమో భయమో తెలియడం లేదు." గ్లాసు కింద పెట్టి అంది: "నిబంధన ప్రకారం ఉడకబెట్టాలి. ఆ ఉత్తరువు మీద సంతకం నాదే. పట్నంలో ఏ గదిలో దాచినా లాభం లేదు. గొట్టాలు, తీగల తొడుగులు, కిటికీలు, అన్నీ ప్లాస్టిక్కే."

"పట్నం బయట?" అన్నాను.

ఆమె ఉత్తరంవైపు చూసింది. అక్కడ పొర వెనక మసకగా గుట్ట కనిపిస్తుంది. పాతకాలం వారు వాడి పారేసిన ప్లాస్టిక్ అంతా పోగుపడి కొండైంది. ఎండకు పెళుసెక్కి, ఉప్పుగాలికి ఊరి, పందిరి అతుకులకు కూడా పనికిరానిది.

"గుట్ట కింద రాతి గిడ్డంగి ఉంది. పందిరి కట్టినవారు వేసవుల్లో అందులోనే తలదాచుకున్నారు. కానీ ఈ కుండను అక్కడ వదిలేసి వస్తే బతకదు. తొక్కలు వేయాలి, నీళ్ళు చల్లాలి, తిరగెయ్యాలి. వెళ్ళిన మనిషి చేతులకూ బట్టలకూ అది అంటుకునే ఉంటుంది. అది బతికి ఉన్నంతకాలం ఆ మనిషి లోపలికి రాకూడదు. ఎవరు వెళ్తారు?"

"నేను," అంది మాణిక్యం. "పెంచింది నేను."

నేను నోరు తెరిచేలోగా ఆమె నా వైపు తిరిగింది. "మీరూ వస్తున్నారు. రాసిపెట్టేవాళ్ళు లేకపోతే దానికి తోచదు."

భాద్రపద శుద్ధ అష్టమి

ఈ రోజు కుమ్మరి వీధి తన కుండల్ని తానే ఉడకబెట్టుకుంది. నఫీసా మనుషుల్ని పంపుతానంది. పైడితల్లి అత్త ఒప్పుకోలేదు. "మా సేత్తో పెంచినాం, మా సేత్తోనే సేస్తాం" అంది. గట్టు మీది మట్టిని కూడా తవ్వి తెచ్చారు. వీధి పొడుగునా పొయ్యిలు, వాటి మీద కుండలు. ఆవిరిలో నానిన అడవి వాసన వచ్చింది. నేను అడవి చూడలేదు. అయినా అదే మాట తోచింది. పట్నం రేపు కొత్త తోడు ఇస్తుంది. దండలకు వేరే సంచి పెడతానని, ఎవరి కాలూ తగలనీయనని నఫీసా మాట ఇచ్చింది.

మిగిలింది మా కుండ ఒక్కటే.

భాద్రపద శుద్ధ ద్వాదశి

వెంట తీసుకెళ్ళవలసినవాటి జాబితా రాయబోతే, ఇంట్లో ప్లాస్టిక్ కానిది ఏదీ తేలలేదు. నీళ్ళ డబ్బా ప్లాస్టిక్. చెప్పులూ అంతే. దువ్వెనా అంతే. నా కళ్ళజోడు చట్రమూ అంతే. అద్దాలు ఊడదీసి ఇత్తడి తీగతో కట్టుకున్నాను. వీధివారు మట్టి మూకుళ్ళు, తాటాకు చాపలు, చింతకర్ర పార, నూలు దుప్పట్లు తెచ్చారు. పైడితల్లి అత్త ఇత్తడి చెంబు తెచ్చింది.

"నాను కాపరానికి ఒచ్చినప్పుడు మా అయ్య ఇచ్చిన సెంబు. పోగొట్టీకు. మల్లీ నాకే తెచ్చియ్యాల."

"అత్తా, మేము తిరిగి..."

"నాకు తెల్దేటి? నోరు మూసుకుని పట్టుకెల్లు."

భాద్రపద బహుళ విదియ

అంచు ద్వారం తెరిచారు. మాణిక్యం కుండను చంకనెత్తుకుంది. నేను చాపలు మోశాను.

ఆకాశానికి అతుకులు లేవు. ఇంతకన్నా సరిగా రాయడం నాకు చేతకావడం లేదు. పుట్టినప్పటినుంచి నెత్తిమీద కుట్లు, మరకలు, వానచుక్కల మసక చూసినవాణ్ణి. ఇక్కడ నీలం మొదలైన చోటు లేదు, ఆగిన చోటు లేదు. మాణిక్యం తల ఎత్తి చూసి, చప్పున కూర్చుంది. పడిపోతానేమో అనిపించిందట, పైకి.

గుట్ట దగ్గరికి వెళ్ళేసరికి అది మరీ పెద్దది. ఎవరివో చెంచాలు, ఎవరి పిల్లలవో బొమ్మల కాళ్ళు, సీసాలు, సంచులు, ఒకదాన్ని ఒకటి కౌగిలించుకుని. వాటిని వాడినవారందరూ పోయారు. ఇవి మాత్రం నిలిచాయి. గుట్ట మొదట్లో గొయ్యి తీసి, తొక్కలు పరిచి, కుండలో సగం మట్టి కలిపి, చాప కప్పాం. మిగతా సగం కుండలోనే ఉంచాం. తొక్కలు, బియ్యం ఆకు దొన్నెల్లో, నీళ్ళు మట్టికుండల్లో రోజూ ద్వారం దగ్గర పెడతారు. కార్తీక పౌర్ణమి దాకా చూద్దామని నఫీసా అంది. అప్పటికీ గొయ్యి వేడెక్కకపోతే, కుండలోది ఉడకబెట్టి, స్నానం చేసి, ఇంటికి రావచ్చు.

ఆశ్వయుజ శుద్ధ నవమి

గొయ్యి వేడి: లేదు. కుండ వేడి: ఇదివరకటిలో సగం. నీలి ఛాయ: వెలిసిపోతోంది.

పొర అవతల మా వీధి మసకగా కనిపిస్తుంది. వంట పొగ తెలుస్తుంది, మనుషులు తెలియరు. మాణిక్యం అటే చూస్తూ అంది:

"చచ్చిపోయిందని చెప్పేస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు కదండీ."

"చచ్చిపోయిందా?"

"తెలీదు."

"అయితే చెప్పలేం."

"మీతో ఇదే బాధ." లేచి వెళ్ళి, తన గంజిలో సగం గోరువెచ్చగా చేసి గొయ్యిలో పోసి వచ్చింది. ఆ పూట ఆమె సరిగా తినలేదు.

ఆశ్వయుజ బహుళ చవితి

గుట్టలోంచి ఒక ముక్క తీసి నాలుకకు ఆనించాను. ఉప్పు. సముద్రపు గాలి ఇన్నేళ్ళుగా దాన్ని ఊరబెట్టింది. మాణిక్యానికి చూపించాను. ఆమె కూడా నాకి, ఉమ్మేసి, తల కొట్టుకుంది.

"ఇంత ఉప్పు వేస్తే నేనైనా తినను. అది మాత్రం ఎలా తింటుంది?"

చెంబుతో నీళ్ళు మోసి ముక్కలు కడగడం మొదలుపెట్టాం. కడిగినకొద్దీ గుట్ట అలాగే ఉంది. కుండ ఈ ఉదయం చేతికి చల్లగా తగిలింది. అరచెయ్యి చాలాసేపు ఉంచితే గాని, ఎక్కడో లోపల, నిద్రపోతున్న మనిషి ఒంటి వేడివంటిది తెలియలేదు.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి

వాన.

మేమిద్దరమూ గిడ్డంగి గుమ్మంలో నిలబడ్డాం, తర్వాత బయటికి వెళ్ళి నిలబడ్డాం. నీళ్ళు తలమీద పడ్డాయి. అడ్డుగా ఏమీ లేకుండా, నేరుగా మబ్బులోంచి మా మీదకి. మాణిక్యం నోరు తెరిచి తాగింది. అమ్మ చెప్పిన వాసన నిజమే. మా కుండ అబద్ధమాడలేదు.

గుట్ట మీదినుంచి నీళ్ళు కాలువలై దిగాయి. దోసిలి పట్టి నాలుకతో చూశాను: ఉప్పు. సాయంత్రానికి మళ్ళీ చూశాను: కొంచెం తక్కువ. వాన ఆగలేదు. మేము చెంబుతో కడగలేనిదాన్ని ఆకాశం కడుగుతోంది. మాణిక్యం కుండలో మిగిలిన మట్టినంతా ఎత్తి గొయ్యిలో కలిపేసింది. నేను వద్దనలేదు. ఇక మా దగ్గర వెనక దాచుకున్నది ఏమీ లేదు.

కార్తీక శుద్ధ చతుర్దశి

వానలు వెనకబట్టాక వారంగా గొయ్యిలో చెయ్యి పెట్టడానికి ధైర్యం చాలలేదు. తిరగెయ్యకుండా కప్పి ఉంచడమే మంచిదని మాణిక్యం అంది. ఆమెకూ ధైర్యం చాలలేదని నాకు తెలుసు. రేపు పౌర్ణమి.

ఈ ఉదయం గిడ్డంగి తలుపు తీసేసరికి గుట్ట కనబడలేదు. మంచు అనుకున్నాను. మంచు పైనుంచి దిగాలి. ఇది కిందినుంచి లేస్తోంది. మా గొయ్యి దగ్గరే కాదు, అటు సీసాల వాలులోంచి, ఇటు సంచుల పొరల మధ్యనుంచి, మేము అడుగుపెట్టని ఎత్తుల్లోంచి, సన్నని తెల్లని ఆవిరి. సూర్యుడు తగిలేసరికి గుట్ట అంతా ఊపిరి వదులుతున్నట్టు కనిపించింది. చేతులు పెట్టాం. మాణిక్యం చెయ్యి వెనక్కి లాక్కుంది, అంత వేడి. వాన నీటితో పాటు అది లోలోపలికి దిగిపోయి, మాకు చెప్పకుండానే పని మొదలుపెట్టింది.

అలా నిలబడి ఉండగా కాళ్ళకింద ఏదో సర్దుకుంది. పెద్ద జంతువు పక్కకు ఒత్తిగిలినట్టు. గుట్ట శిఖరం మా కళ్ళముందే కొంచెం కిందికి దిగింది. మాణిక్యం నా భుజం పట్టుకుంది. ఇంటికి వెళ్ళడం లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అది బాధలా తగలవలసింది. నాకు మాత్రం, ఎంతో పెద్దవాళ్ళ సభలో ముందువరసలో కూర్చోబెడితే కలిగే బెరుకులా తగిలింది.

నఫీసా ఒక రోజు ముందే పొర దగ్గరికి వచ్చింది. అవతల నీడలా కనిపించింది. వెనకాల ఇంకో పొట్టి నీడ. పైడితల్లి అత్తదే అయి ఉంటుంది.

"ఏమైంది? చెప్పండి! ఉందా?" అని నఫీసా అరిచింది.

మాణిక్యం నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని అరిచింది:

"అత్తకి చెప్పమ్మా! రేపట్నుంచి ద్వారం దగ్గర పెట్టే తొక్కలు చాలవు, వీధి వీధంతా పంపించమను. గుట్టకి ఆకలేస్తోంది!"